ఆగిపోయిన లాంగ్ కేస్

కోవిడ్ వార్డులు ఎత్తివేసి, విద్యార్థులను మళ్లీ రోగుల మంచాల దగ్గరికి రానిచ్చిన వేసవిలో నేను విశాఖపట్నంలోని ఒక వైద్య కళాశాలలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌గా చేరాను. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. ఊరు నాకు కొత్త కాదు. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నా చదువంతా ఇక్కడే సాగింది. కొత్తది, నాకు అప్పగించిన పని.

మారిన పాఠ్యప్రణాళిక ప్రకారం కొన్ని పాఠాలను శాఖలవారీగా కాకుండా కలిపి చెప్పాలి. అలా కలిపినవాటిలో ఎముకలు, కీళ్లు, కండరాలు, చర్మం ఒక భాగం. పైకి వీటికి పొత్తు లేనట్టే ఉంటుంది. విద్యార్థి మచ్చలను చర్మవ్యాధుల విభాగంలో చూస్తాడు, విరిగిన ఎముకను ఎముకల విభాగంలో చూస్తాడు, వాచిన కీలును మా దగ్గర చూస్తాడు. రోగికి మాత్రం ఉన్నది ఒకటే ఒళ్లు. సోరియాసిస్ ఉన్నవాడికి వేళ్ల కీళ్లు వాచిపోవచ్చు. లూపస్ వచ్చిన అమ్మాయికి బుగ్గల మీద ఎరుపూ, మణికట్టులో నొప్పీ ఒకేసారి మొదలుకావచ్చు. కుష్ఠులో మచ్చ కనిపించిన కొన్నాళ్లకు నరం ఉబ్బి చేతివేళ్లు ముడుచుకుపోవచ్చు. అలాంటి రోగి మూడు ఓపీల్లో మూడు చీటీలు పట్టుకుని తిరుగుతాడు. ఒకరు రాసింది ఇంకొకరు చదవరు. ఆ తిరుగుడు తప్పించే వైద్యులను తయారుచేయాలన్నది ఈ తరగతి ఉద్దేశం. చర్మవ్యాధుల విభాగాధిపతి డాక్టర్ ఉమ, నేను కలిసి ప్రతి గురువారం మా వార్డు పక్క గదిలో ఆ తరగతి తీసుకునేవాళ్లం.

నా తరగతిలో ఒక పద్ధతి ఉండేది. విద్యార్థి ముందు తన పేరు చెప్పాలి, రోగి అనుమతి అడగాలి, తర్వాత చెయ్యి కలపాలి. అది మర్యాద కోసం మాత్రమే కాదు. చెయ్యి కలిపిన ఆ క్షణంలో చర్మం వెచ్చగా ఉందా చల్లగా ఉందా, మెత్తగా ఉందా బిగుసుకుపోయిందా, కీలు వాచిందా, పట్టులో బలం ఉందా అన్నవి చేతికి తెలుస్తాయి. రెండో పద్ధతి, జబ్బు పేరు చెప్పేముందు కనిపించిందేదో వర్ణించాలి. పేరు ముందు చెప్పినవాడు ఆ తర్వాత ఆ పేరుకు సరిపోయేవే చూస్తాడు.

ఆ తరగతికే నూకరాజును తీసుకొచ్చారు. వయసు నలభై దాటింది, మల్కాపురంలో ఉంటాడు. కాంట్రాక్టరు కింద ఖలాసీ పని. బరువైన పైపులు, యంత్రాలు గొలుసులతో కట్టి క్రేనుకు అందించడం. ఏడాదిగా ముఖం మీద, మెడ కింద, చేతివేళ్ల కణుపుల మీద ఎరుపు. రంగుల డబ్బాల ఘాటు పడలేదని ఒకరు, బొగ్గుధూళి అని ఇంకొకరు మందులిచ్చారు. భుజాలు లేవడం లేదంటే భుజం పట్టేసిందని వేరేచోట వ్యాయామాలు చెప్పారు. ఎరుపు సంగతి, భుజాల సంగతి ఒకే మనిషికి ఒకేసారి అతను చెప్పుకునే సందర్భం రాలేదు.

ఆ రోజు వివరించిన అమ్మాయి పేరు స్నిగ్ధ. చురుకైన విద్యార్థిని. కనురెప్పల మీది ఊదారంగు ఛాయను, కణుపుల మీది పొలుసుల్లాంటి ఎర్రని బుడిపెలను చక్కటి ఇంగ్లిష్‌లో వర్ణించింది. కానీ చర్మం దగ్గరే ఆగిపోయింది. చేతులు గుండెల మీద కట్టుకుని స్టూలు మీంచి లేవమని నేను నూకరాజును అడిగాను. అతను ముందుకు వంగాడు, ఊగాడు, మళ్లీ కూలబడ్డాడు. రెండోసారీ అంతే.

నొప్పి ఎక్కువగా ఉందా అని స్నిగ్ధ మెల్లగా అడిగింది.

"నొప్పి కాదమ్మా. నొప్పయితే ఓర్సుకుందును," అన్నాడు నూకరాజు. "సెయ్యి లెగనంటంది, అంతే. మా ఇంటిది సొక్కా తొడుగుతాది, తల దువ్వుతాది, సిన్నపిల్లోడికి సేసినట్టు. పనికాడ మా మేస్త్రీ దొంగేసాలంటన్నాడు."

దొంగవేషాలంటే ఏమిటో స్నిగ్ధకు చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె తల దించుకుని, అతని భుజాన్నీ తొడనూ పరీక్షించడం మొదలుపెట్టింది. తుంటి, భుజం దగ్గరి పెద్ద కండరాలు రెండు వైపులా నీరసించాయి. చేతి పట్టు మాత్రం బాగానే ఉంది. చర్మం, కండరం కలిసి ఇలా జబ్బుపడితే దాన్ని డెర్మటోమయోసైటిస్ అంటారు. శరీరంలోని రక్షణ వ్యవస్థే తన కండరాలమీద, చర్మంమీద దాడి చేయడం. కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమును చూశాం, చిన్న కండరపు ముక్క తీసి పరీక్షకు పంపాం. ఇదేనని తేలింది.

తరగతి అయ్యాక విద్యార్థులు వెళ్లిపోతుంటే అతను నన్ను ఆపాడు.

"మరైతే నాను దొంగేసాలు ఎయ్యట్లేదు గదమ్మా?"

లేదు, నీ కండరాలకు జబ్బు చేసింది, ఒంటిమీది ఎరుపు కూడా ఆ జబ్బే అన్నాను.

"ఈ మాట మా ఇంటిదాని ఎదర ఒకపాలి సెప్పండమ్మా."

అతని భార్య పైడితల్లి ఒక బడిలో ఆయా. మర్నాడు ఆమె వచ్చినప్పుడు డాక్టర్ ఉమ, నేను ఇద్దరమూ కూర్చుని చెప్పాం. ఆమె విని, కొంగుతో ముఖం తుడుచుకుని, మందులు ఎలా వెయ్యాలో అడిగింది.

ఇక్కడ వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. నలభై దాటినవారికి ఈ జబ్బు వస్తే, దాని వెనక ఎక్కడో క్యాన్సర్ దాగి ఉండవచ్చు. అందుకని కడుపు, ఊపిరితిత్తులు, పేగులు వెతికాం. ఆ విడతలో ఏమీ కనిపించలేదు. కొన్ని నెలలకోసారి మళ్లీ వెతకాలని రాసుకున్నాం, అతనికీ చెప్పాం. స్టెరాయిడ్లతో వైద్యం మొదలైంది. వర్షాలు తగ్గేసరికి తన తల తనే దువ్వుకోగలుగుతున్నాడు. ఓపీకి వచ్చినప్పుడల్లా గురువారం పిల్లలు కనిపిస్తే పలకరించేవాడు. తన జబ్బుకు పేరు పెట్టింది వాళ్లేనని అతని లెక్క.

ఆ చలికాలంలో ఫైనల్ ఎంబీబీఎస్ సప్లిమెంటరీ ప్రాక్టికల్స్ మా వార్డులో పెట్టారు. మొదటిసారి తప్పినవాళ్లు రాసే పరీక్ష ఇది. నలుగురు పరీక్షకులం. ఇద్దరం ఆ కళాశాలవాళ్లం, ఇద్దరు బయటి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. ప్రాక్టికల్స్‌లో ప్రధానమైనది లాంగ్ కేస్. చీటీ తీస్తే వచ్చిన రోగి దగ్గర విద్యార్థి ముప్పావు గంట ఒంటరిగా గడపాలి. రోగి చెప్పింది విని, ఒళ్లంతా పరీక్షించి, తన నిర్ణయాన్ని క్రమంలో పెట్టుకోవాలి. ఆ తర్వాత పరీక్షకులు మంచం దగ్గరికి వచ్చినప్పుడు ఇంగ్లిష్‌లో వినిపించాలి. దాన్నే ప్రెజెంటేషన్ అంటారు. ఎంత తెలిసినా ఆ వినిపించడం దగ్గర తడబడితే మార్కులు పోతాయి.

పరీక్షకు రోగులను కుదిర్చేది మా అసిస్టెంట్ ప్రొఫెసర్లు. జబ్బు గుర్తులు స్పష్టంగా ఉండి, మనిషి నిలకడగా ఉన్నవారిని ముందే అడిగి ఒప్పిస్తారు. వచ్చినవారికి టిఫిన్, టీ ఏర్పాటు ఉంటుంది. నూకరాజు అలాగే ఒప్పుకున్నాడు. ముందటి వారం ఓపీలో నేనే చూశాను. మింగడం, ఊపిరి, మాట అన్నీ బాగున్నాయి. మందు మోతాదు కొద్దిగా తగ్గించే దశలో ఉన్నాం.

ఆ ఉదయం నూకరాజు మంచం వచ్చిన విద్యార్థి తవిటినాయుడు. బొబ్బిలి దగ్గర పల్లెలో రైతు కుటుంబం వాళ్లది. పదో తరగతి వరకూ తెలుగు మీడియం. వార్డు పని బాగా చేసేవాడు. రోగులతో ఇట్టే కలిసిపోయేవాడు. పరీక్షకుల ఎదుట మాత్రం మాట కూడదీసుకోలేక మొదటిసారి తప్పాడు. నూకరాజును చూపించిన గురువారం తరగతి అతని తర్వాతి బ్యాచ్‌ది కాబట్టి, ఈ రోగిని అతను అంతకుముందు చూడలేదు. ఈసారి కూడా పోతే తన తోటివాళ్లు హౌస్‌సర్జన్లుగా డ్యూటీలు చేస్తుంటే అతను ఇంకో ఆరు నెలలు పుస్తకాలు పట్టుకుని కూర్చోవాలి.

వార్డు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని మేము మరో అభ్యర్థిని ప్రశ్నిస్తున్నాం. నా పక్కన బయటి పరీక్షకుడు డాక్టర్ రాఘవరావు. చాలా ఏళ్ల అనుభవం, గట్టి మనిషి. అప్పుడు తవిటినాయుడు మా ముందుకొచ్చి నిలబడ్డాడు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, చేతిలో ఇడ్లీల ప్లేటు.

సమయం పూర్తికాకుండా అభ్యర్థి మంచం వదలకూడదు. ఏమిటిదని రాఘవరావు గారు అడిగారు.

"తినీకుండా తీసీసుకొచ్చీసినాను సార్." కంగారులో అతనికి ఇంటి మాటే వచ్చింది. "ఆయనికి మింగుడు పడతం లేదు. నీళ్లు తాగితే ముక్కులోంచి వొచ్చెస్తన్నాయి. గొంతు మారిపోనాది. తలగడ మీంచి తల లేపలేపోతన్నాడు."

చాలా మంచిది, బాగా కనిపెట్టావు, వెళ్లి అవన్నీ రాసుకో, మేము వచ్చినప్పుడు చెబుదువుగాని అన్నారు రాఘవరావు గారు. ఆ మాటలో వెటకారం లేదు. పరీక్షలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కంగారుపడి లేచి వస్తారు. వారిని వెనక్కి పంపడం పరీక్షకుడి పని.

తవిటినాయుడు కదల్లేదు. "అంతవరకూ ఆయన్ని అక్కడుంచకూడదు సార్. ఊపిరి సాలట్లేదు. ఐసీయూకి పంపాల."

గొంతు కండరాలు నీరసిస్తే తిన్నది కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆ తర్వాత వంతు ఊపిరి పీల్చే కండరాలది. ఈ జబ్బులో మనిషిని గంటల్లో ప్రమాదంలోకి నెట్టేవి ఈ రెండే. నేను లేచాను. రాఘవరావు గారు మాత్రం లేవలేదు.

నూకరాజు మంచం మీద ఒరిగి కూర్చున్నాడు. నన్ను చూసి నొచ్చుకున్నాడు.

"మీరెందుకమ్మా లెగిసొచ్చినారు? పరీచ్చ పాడైపోతాది," అన్నాడు. మాట ముక్కుతో వస్తోంది. మాట మధ్యలో ఉమ్మి మింగలేక తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు.

ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నాను. ఊపిరి బలం తెలుసుకోవడానికి మంచం దగ్గర చేసే సులువైన పరీక్ష అది. ఆరోగ్యంగా ఉన్నవాడు ఆగకుండా చాలా దూరం పోతాడు. నూకరాజు తొందరగానే ఆగి రొప్పాడు. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను.

"మొన్నట్నుంచమ్మా."

ఎవరికీ ఎందుకు చెప్పలేదన్నాను.

"సెప్తే ఒద్దంటారు గదమ్మా. పిల్లల పరీచ్చకి వొత్తానని మాటిచ్చీసినాను. ఆ పిల్లలే గదా నా జబ్బుకి పేరెట్టినారు."

ఇంటిదానికి కూడా గొంతు నొప్పి అని చెప్పి వచ్చాడట.

ట్రాలీ తెప్పించాను. మేడ మీది ఐసీయూ నుంచి డ్యూటీ డాక్టరు దిగి వచ్చేలోపు తవిటినాయుడు రోగిని ఒక పక్కకు తిప్పి, తల కొంచెం ఎత్తుగా పెట్టించి, నోట్లో చేరిన ఉమ్మిని పీల్చే గొట్టం సిస్టరుతో తెప్పించాడు. డ్యూటీ డాక్టరు రాగానే అతను విషయం అప్పజెప్పాడు: ఎవరు, ఏ జబ్బు, ఎప్పటినుంచి మందులు, ఏ మందు ఎంత తగ్గించారు, మొన్నటినుంచి ఏం మొదలైంది, ఇప్పుడు ఏ కండరం ఎంత బలంగా ఉంది, ఏం తినలేదు, ఏం తాగాడు. అంతా తెలుగులోనే. ఎక్కడా ఆగలేదు, ఒక్క విషయం తప్పిపోలేదు. ఆ ఏడాది నేను విన్న ప్రెజెంటేషన్లలో అంత క్రమమైనది ఇంకొకటి లేదు. అయితే అది పరీక్షకుల బల్ల ముందు జరగలేదు.

ట్రాలీ వెంట తనూ వెళతానని అడిగాడు. అభ్యర్థి పరీక్ష హాలు వదలడానికి వీల్లేదు. లిఫ్టు తలుపు మూసుకునేదాకా చూసి వెనక్కి వచ్చాడు.

ఇప్పుడు అతని సంగతి తేలాలి. రోగి మధ్యలో జబ్బుపడితే అభ్యర్థికి ఇంకో కేసు ఇవ్వవచ్చు. ఆ మేరకు నియమం ఉంది. మొదటి కేసును అతను వినిపించలేదు కాబట్టి దానికి మార్కులు లేవు. రాఘవరావు గారు నన్ను సూటిగా రెండు విషయాలు అడిగారు. ఈ రోగిని ఈ అబ్బాయి ముందే చూశాడా? లేదన్నాను, ఎందుకో చెప్పాను. ఈ అబ్బాయి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉందా? ఆ ప్రశ్న గుచ్చుకుంది, కానీ ఆయన అడగాల్సిన ప్రశ్నే. ఇందాక నేను అతని మాట మీద బల్ల వదిలి లేచాను. అది అందరూ చూశారు.

ఇంకో కేసు ఇవ్వండి, అతన్ని మీ బయటి పరీక్షకులు ఇద్దరే చూడండి, నేను పక్కకు తప్పుకుంటాను అన్నాను. అందుకు అందరూ ఒప్పుకున్నారు.

రాఘవరావు గారు తవిటినాయుడిని పిలిచి, కావాలంటే రేపటి బ్యాచ్‌తో కలిసి రావచ్చని చెప్పారు. అది ఆయన ఉదారంగా ఇచ్చిన అవకాశం. ఇవ్వాలని నియమం లేదు. తవిటినాయుడు నా వైపు చూశాడు. కోటు ముందు భాగం ఉమ్మితో తడిసి ఉంది. రేపు రా అని చెప్పాలని నాకు అనిపించింది. తప్పుకున్నదాన్ని కాబట్టి సలహా ఇచ్చే హక్కు నాకు లేదు. కళ్లు దించుకుని ముందున్న కాగితాలు సర్దుకున్నాను.

"ఇప్పుడే ఇచ్చీండి సార్," అన్నాడు అతను.

రెండో కేసు పరవాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. చాలా ఏళ్లుగా కీళ్లవాతం, వేళ్లు ఒక పక్కకు వాలిపోయి ఉన్నాయి. నేను వార్డు రెండో చివర వేరే అభ్యర్థుల దగ్గర ఉన్నాను. మాటలు వినపడకపోయినా, అతను ఆగి ఆగి మాట్లాడటం, మధ్యమధ్య తలుపు వైపు చూడటం కనిపించింది.

సాయంత్రం పరీక్షలయ్యాక రాఘవరావు గారు ఐసీయూ ఎటువైపు అని అడిగారు. బసకు తర్వాత వెళ్తానన్నారు. ఇద్దరం పైకి వెళ్లాం. నూకరాజు ముక్కులోంచి సన్నని గొట్టం వేశారు, ఆక్సిజన్ పెట్టారు, నరంలోంచి మందులు వెళుతున్నాయి. కుడి ఊపిరితిత్తి అడుగున అప్పటికే మింగింది కొంత జారినట్టు ఎక్స్‌రేలో కనిపించింది. పైడితల్లి మంచం పక్కన నిలబడి ఉంది. రాఘవరావు గారు ఆమెకు నమస్కారం పెట్టి, నూకరాజుతో చెయ్యి కలిపి, తానే మళ్లీ మెడ బలం చూశారు, అంకెలు లెక్కపెట్టించారు. వచ్చి డ్యూటీ డాక్టరుతో, రాత్రికి ఊపిరి తగ్గితే ఆలస్యం చేయకుండా వెంటిలేటర్ పెట్టమని, మెషీను ఈ మంచం పక్కకే తెచ్చి ఉంచమని చెప్పారు.

మెట్లు దిగుతూ ఆయనే ఎత్తుకున్నారు. "ఆ అబ్బాయి చెప్పింది నిజమండీ. ఆ ఇడ్లీ తిని ఉంటే ఇతను మనకు దక్కేవాడు కాదు."

రెండు మెట్లు దిగి ఆయన మళ్లీ ఆగారు.

"రెండో కేసులో మాత్రం అతను ఊపిరితిత్తులు వినలేదు. కీళ్లవాతం ముదిరినావిడ, ఆయాసం ఉందని చెప్పింది కూడా. అడుగు భాగాల్లో చప్పుళ్లు స్పష్టంగా ఉన్నాయి. కీళ్ల దగ్గరే ఆగిపోయాడు. నేను పాస్ చెయ్యలేనండీ."

మార్కులు ఖరారు చేసేటప్పుడు నలుగురం కూర్చున్నాం. నేను ఆ కాగితం చూశాను. ఆయన రాసింది న్యాయంగానే ఉంది. కీళ్లవాతం ఊపిరితిత్తులనూ పట్టవచ్చని గురువారం తరగతుల్లో నేనే చెబుతూ వచ్చాను. చర్మం దగ్గర ఆగిపోయిన స్నిగ్ధను తరగతిలో సరిదిద్దాను. కీళ్ల దగ్గర ఆగిపోయినవాణ్ని పరీక్షలో పాస్ చేయించమని అడగలేకపోయాను. ఉదయం జరిగిన దానికి ఎక్కడైనా మార్కు వెయ్యగలమా అని మాత్రం అడిగాను. ఆయన కాగితాన్ని నా వైపు తిప్పి, ఎక్కడ వెయ్యమంటారో చూపించండి అన్నారు. అలాంటి గడి ఏదీ లేదు. సంతకం పెట్టాను.

ఫలితాలు వెలువడేదాకా పరీక్షకులు నోరు విప్పకూడదు. ఆ మధ్యకాలం నాకు కష్టంగా గడిచింది. తవిటినాయుడు రోజూ ఐసీయూకి వస్తున్నాడు. నూకరాజుకు జ్వరం వచ్చింది. ఒక రాత్రి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది, తర్వాత తీశారు. ఊపిరి నిలదొక్కుకున్నాక గొట్టం ద్వారా పాలు, జావ ఎక్కిస్తుంటే తవిటినాయుడు పక్కన కూర్చుని, ఎంత మెల్లగా పోయాలో, పోసిన తర్వాత ఎంతసేపు పడుకోబెట్టకూడదో పైడితల్లికి నేర్పాడు. వరండాలో నేను ఎదురైతే లేచి నిలబడేవాడు. పరీక్ష గురించి ఒక్కసారి కూడా అడగలేదు. నేను అతని ముఖంలోకి సూటిగా చూడలేక రోగి సంగతే అడిగి వెళ్లిపోయేదాన్ని.

ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నం నా గదికి వచ్చాడు. కూర్చోమన్నాను.

"రెండో ఆవిడకి ఊపిరితిత్తులు ఇనడం మర్సిపోనాను మేడమ్. హాలు బయటికొచ్చాక గేపకం వొచ్చింది. ఆయాసమని సెప్పింది ఆవిడ. రాసుకున్నాను కూడా."

రేపు రమ్మన్నప్పుడు ఎందుకు ఒప్పుకోలేదని అడిగాను.

"మీరు నా కోసం లెగిసొచ్చినారని అందరూ అనుకుంటారు. మళ్లీ రేపు కూడా నా కోసమే అనుకుంటారు." తల వంచుకున్నాడు. "మా నాన్నకి ఎలగ సెప్పాలో తెలీటం లేదు మేడమ్. మీ మేడమే కదరా ఎగ్జామినరు, మరేటయింది అంటాడు."

ఫోన్ కలపమన్నాను. వాళ్ల నాన్నగారితో నేనే మాట్లాడాను. మీ అబ్బాయి ఆ పొద్దున ఒక మనిషిని బతికించాడు, ఆ మధ్యాహ్నం ఒక పరీక్ష తప్పాడు, రెండూ నిజమేనని చెప్పాను. "ఆ మడిసి బాగున్నాడా అమ్మా?" అని అడిగారు ఆయన. బాగున్నాడన్నాను. "సరేనమ్మా. ఈడికి మళ్లీ సెప్పండి సదువు," అన్నారు.

తర్వాతి గురువారం నుంచి తవిటినాయుడు నా తరగతికి వచ్చాడు. తనకంటే చిన్నవాళ్ల ముందు నిలబడి ప్రతివారం ఒక కేసు వినిపించాడు. ముందు తెలుగులో క్రమం కుదుర్చుకుని, అదే క్రమాన్ని ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. మొదట్లో మిగతావాళ్లు నవ్వారు. వార్డులో జరిగిన సంగతి స్నిగ్ధ వాళ్లకు చెప్పింది కాబోలు, తర్వాత నవ్వలేదు. ఎక్కడ ఏ కీలు వాచినా, ఏ మచ్చ ఉన్నా, అతను గుండె, ఊపిరితిత్తులు విని కాని కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఆరు నెలల తర్వాత మామూలు మార్కులతో పాసయ్యాడు. ఇప్పుడు పార్వతీపురం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాడు.

నూకరాజు నోటితో తినడం మొదలుపెట్టి ఇంటికి వెళ్లాడు. కానీ అదుపులోకి వచ్చిన జబ్బు మోతాదు తగ్గిస్తుండగానే మళ్లీ అంత తీవ్రంగా విరుచుకుపడటం నాకూ, డాక్టర్ ఉమకూ నచ్చలేదు. అనుకున్న సమయం కంటే ముందుగానే మళ్లీ వెతికించాం. ఈసారి కడుపులో చిన్న క్యాన్సర్ గడ్డ దొరికింది. ఆపరేషన్ చేశారు. తర్వాత ఏడాదికి పైగా బతికాడు. అందులో చాలా నెలలు తన చొక్కా తనే తొడుక్కున్నాడు. పోయిన సంగతి చెప్పడానికి పైడితల్లి ఓపీకి వచ్చి, లైనులో నిలబడి, తన వంతు వచ్చాక చెప్పింది. నొప్పి పడకుండానే పోయాడని, బొబ్బిలి డాక్టరు బాబు వచ్చి చూసి వెళ్లాడని చెప్పింది.

ఆ పరీక్ష ముగిసిన నెలలోనే నేను మా శాఖ సమావేశంలో రెండు ప్రతిపాదనలు పెట్టాను. మొదటిది, పరీక్షకు వచ్చిన ప్రతి రోగినీ ఆ ఉదయం, పరీక్షతో సంబంధం లేని ఒక డాక్టరు చూడాలి. మింగడం, ఊపిరి, మాట, జ్వరం గురించి అడగాలి. వద్దనుకుంటే ఇప్పుడే వెళ్లిపోవచ్చని, అందువల్ల మీ వైద్యానికి ఏ లోటూ రాదని స్పష్టంగా చెప్పాలి. రెండవది, రోగి ప్రాణానికి ముప్పు ఉందని కనిపెట్టి పరీక్ష ఆపిన అభ్యర్థికి మర్నాడే కొత్త కేసు ఇవ్వాలి. ఇవ్వాలా వద్దా అన్నది పరీక్షకులకు, ఇవాళా రేపా అన్నది అతనికి వదలకూడదు. మొదటిది వెంటనే అమలైంది, ఇప్పటికీ జరుగుతోంది. రెండవదాన్ని పై అధికారులకు పంపారు. నేను రిటైరయ్యే నాటికి జవాబు రాలేదు.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నది ఇది. పరీక్ష ఏం కొలవడానికి పెట్టారో దాన్నే కొలుస్తుంది, మిగతాది కొలవడం దానికి చేతకాదు. ఆ రోజు నియమం ప్రకారం ఎవరమూ తప్పు చేయలేదు, అయినా ఒక విద్యార్థి తను చేసిన మంచి పనికి ఆరు నెలలు కోల్పోయాడు. అందుకు పరీక్షకుణ్ని తప్పుపట్టి లాభం లేదు. గడి లేనిచోట మార్కు వెయ్యలేడు. కొలతకు అందనిదాన్ని నేర్పవలసింది వార్డులో, ప్రతిరోజూ, ఎవరూ మార్కులు వెయ్యని సమయంలో. ఇంకొకటి, పాఠం కోసం మనం పిలిపించుకున్న మనిషి ఆ గంటసేపు కూడా రోగిగానే ఉంటాడు. మన మీది మర్యాద కొద్దీ తన బాధను దాచుకుంటాడు. కాబట్టి ఏం చూపించమని అడిగేముందు, ఇవాళ ఎలా ఉందని అడగాలి. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినాలి.